లూడోనా, అష్టాచమ్మానా, పులి-మేకా: ఇంటిల్లిపాదికీ ఏది మేలు?

సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఏడేళ్ల పాప, పన్నెండేళ్ల అబ్బాయి, వాళ్ల అమ్మానాన్నలు, వీలైతే అమ్మమ్మ, తాతయ్య కూడా ఒకే చాప మీద కూర్చుని ఆడుకోవాలంటే ఏ ఆట మంచిది? అడిగేవాళ్లలో చాలామంది ఇళ్లలో లూడో పెట్టె ఇప్పటికే ఉంటుంది. అది చాలదా అన్నదే వాళ్ల అసలు సందేహం. చాలకపోవడమేమీ లేదు. అయితే నా ఓటు అష్టాచమ్మాకు. ఎందుకో చెబుతూనే, లూడోకు అన్యాయం జరగకుండా చూసే ప్రయత్నం చేస్తాను.

నేను ముఖ్యంగా చూసేది ఒక్కటే. పెద్దవాళ్లు కావాలని ఓడిపోకుండా, పిల్లలు నిజంగా గెలవగలగాలి. పెద్దవాళ్లు జాలిపడి ఇచ్చే గెలుపును పిల్లలు ఇట్టే పసిగడతారు. "నువ్వు కావాలనే ఆ కాయ జరపలేదు" అని అలిగి లేచిపోయే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అలాగని ఆట మొత్తాన్నీ అదృష్టానికే వదిలేస్తే, పెద్దవాళ్లకు పది నిమిషాల్లో ఆవలింతలు మొదలవుతాయి. ఆ తర్వాత వాళ్లు ఆడేది పిల్లల కోసమే తప్ప పిల్లలతో కాదు. చదరంగం ఒక కొస, వైకుంఠపాళి మరో కొస. మనకు కావలసింది ఈ రెంటికీ నడుమ ఉంది.

వైకుంఠపాళి సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. అందులో ఆడేవాళ్లు తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ ఉండదు. పాచిక ఎంత చెబితే అంత, నిచ్చెన ఉంటే ఎక్కాలి, పాము ఉంటే దిగాలి. నాలుగేళ్ల పిల్లకూ తొంభై ఏళ్ల ముత్తవ్వకూ నూటికి నూరుపాళ్లు సమానమైన ఆట అది. పాత పటాలలో పాములకు రాక్షసుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణాల పేర్లు ఉంటాయి. వాటి కథలు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే శివరాత్రి జాగారానికి ఇంతకు మించిన కాలక్షేపం లేదు. కథలు చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం రెండో ఆటకే విసుగు వస్తుంది.

ఇక అసలు పోటీ. లూడో, అష్టాచమ్మా రెండూ దాయాదులే. లూడోకు మూలం మన పచ్చీసు. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో నేల మీద తీర్చిన పచ్చీసు పటాన్ని ఇప్పటికీ చూడవచ్చు. ఆ ఆటను సులువు చేసి 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. అలా సులువు చేయడంలో రెండు మార్పులు జరిగాయి. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. లూడోలో ఎవరి ఆట వారిదే. పచ్చీసులో గవ్వలు వేస్తారు. లూడోలో ఒకే ఒక్క పాచిక. మొదటి మార్పును సరిదిద్దుకోవడం తేలికే, జట్లు కట్టి ఆడుకుంటే సరిపోతుంది. రెండో మార్పు ఆట స్వభావాన్నే మార్చేసింది. అష్టాచమ్మా వైపు నేను మొగ్గడానికి సగం కారణం అదే.

పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఏదైనా సమానంగా పడుతుంది. గవ్వల సంగతి అలా కాదు. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చమ్మా, అష్టా పడితే మరో పందెం. గవ్వ వెల్లకిలా పడటం, బోర్లా పడటం సమానమే అనుకుని లెక్క వేస్తే పదహారు పందేలలో రెండు ఆరుసార్లు పడుతుంది. ఒకటి నాలుగుసార్లు, మూడు నాలుగుసార్లు. చమ్మా ఒక్కసారి, అష్టా ఒక్కసారి. నిజం గవ్వలు ఇంత నిక్కచ్చిగా పడవు. చింతపిక్కలను రెండుగా చీల్చి ఆడితే లెక్క ఇంకొంచెం అటూఇటూ అవుతుంది. అయినా రెండే ఎక్కువగా పడుతుందన్న సంగతి చేతికే తెలిసిపోతుంది.

దీనివల్ల ఆటలో ఏం మారుతుందో చూడండి. మీ కాయ వెనుక ఉంది, పాప కాయలు ముందు ఉన్నాయి. పాపకు ఇప్పుడు పడిన పందెంతో ఒక కాయను జరిపితే అది మీకు సరిగ్గా రెండు గళ్ల ముందు నిలుస్తుంది, మరో కాయను జరిపితే నాలుగు గళ్ల ముందు. లూడోలో అయితే రెండూ ఒకటే. వెనుక నుంచి చంపే అవకాశం రెండు గళ్ల దూరంలోనైనా, అయిదు గళ్ల దూరంలోనైనా ఆరింట ఒకటే. అష్టాచమ్మాలో రెండు గళ్ల ముందు నిలబడితే పదహారింట ఆరుసార్లు ప్రాణం పోతుంది. నాలుగు గళ్ల ముందైతే పదహారింట ఒక్కసారే. అంటే ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న ప్రతి పందేనికీ ఎదురవుతుంది, దానికి సరైన జవాబూ తప్పు జవాబూ ఉంటాయి. పెద్దవాళ్లకు బుర్రకు పని దొరికేది ఇక్కడే. పిల్లలకు భిన్నాలు రానక్కరలేదు. రెండు గళ్ల ముందు నిలిచిన కాయ నాలుగుసార్లు చస్తే అయిదోసారి అక్కడ నిలబెట్టరు. ఈ మెళకువ పట్టుబడ్డ ఎనిమిదేళ్ల పిల్లకూ తండ్రికీ మధ్య తేడా ఎంతో ఉండదు. మిగిలిన తేడాను గవ్వలే పూడుస్తాయి.

మిగతా సగం కారణం చంపే నియమం. అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం ఇరవై అయిదు గళ్లు. బయటి వరుసలో పదహారు, లోపల ఎనిమిది, నడిమధ్య ఒకటి. కాయ బయటి వరుసంతా తిరిగి, తన ఇంటికి ఒక గడి ముందు లోపలికి మళ్లి, అక్కడి నుంచి ఎదురు దిశలో తిరిగి మధ్య గడిలో పండుతుంది. ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నైనా చంపితే తప్ప లోపలికి వెళ్లనివ్వరు. చంపలేదా, బయటే మళ్లీ చుట్టు తిరగాలి. కొన్ని ఇళ్లలో ఈ నియమం పాటించరు. అది లేకుండా ఆడితే ఆటలో సగం ప్రాణం పోయినట్లే అని నా అభిప్రాయం.

ఎందుకంటే, లూడోలో ఎవరినీ చంపకుండా బుద్ధిగా ఇంటికి చేరి గెలవవచ్చు. కాబట్టి పెద్దవాళ్లు పసిపిల్ల కాయ పక్క నుంచి తల తిప్పుకుని వెళ్లిపోతారు. అది గమనించిన పెద్ద పిల్లవాడు, నా కాయనైతే చంపావు, చెల్లి కాయనెందుకు వదిలేశావని నిలదీస్తాడు. ఆ మాటకు సమాధానం ఉండదు. అష్టాచమ్మాలో జాలి చూపిస్తే మీరే బయట తిరుగుతూ ఉండిపోతారు. పాప కాయ మీ పందేనికి అందితే చంపక తప్పదు. అది నాన్న నిర్దయ కాదు, ఆట నియమం. ఆశ్చర్యమేమిటంటే, పిల్లలు కూడా ఈ చావును అలాగే తీసుకుంటారు. కాసేపు మూతి ముడుచుకున్నా, లోపలికి వెళ్లాలంటే వాళ్లకూ ఒక చంపుడు కావాలి కాబట్టి వెంటనే ఎవరి కాయ దగ్గరగా ఉందా అని వెతకడం మొదలుపెడతారు. నాలుగు గవ్వలను గుప్పిట్లో గలగలలాడించి, ఊది, "రెండు, రెండు" అని గొణుగుతూ నేల మీద వేసి, మూడు ఆగాక ఇంకా గిరగిరా తిరుగుతున్న నాలుగో గవ్వ మీదికి వంగిపోయే పిల్లను ఒకసారి చూడండి. ఆ క్షణంలో ఆమెకు మీరు అమ్మానాన్నలు కారు.

లూడో పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. రంగులు, గీతలు, నక్షత్రాల గుర్తులు అన్నీ పటం మీదే ఉంటాయి. అయిదేళ్ల పిల్లకు నియమాలు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. దారి ఒకే దిక్కుకు పోతుంది. అష్టాచమ్మాలో లోపలికి మళ్లే చోట చిన్న పిల్లలు తప్పకుండా తికమకపడతారు. పైగా లూడో నియమాలు అన్ని ఇళ్లలో దాదాపు ఒకటే కాబట్టి చుట్టాల పిల్లలు వచ్చినా తగాదా రాదు.

అయితే లూడోను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆరు పడితే తప్ప కాయ ఇల్లు కదలదు. అయిదు వంతులు వచ్చినా ఒక్క ఆరూ పడకపోయే అవకాశం దాదాపు 40 శాతం. అందరి కాయలూ పరుగెడుతుంటే తన పాచికను చూసుకుంటూ కూర్చున్న పిల్ల మొహం చూడలేం. నిజాయితీగా చెప్పాలంటే అష్టాచమ్మాలోనూ కొందరు ఇదే పెడతారు, చమ్మాగానీ అష్టాగానీ పడితేనే కాయ కదలాలని. అది ఇంకా ఘోరం. అయిదు వంతులు ఊరికే పోయే అవకాశం అక్కడ సగానికి పైనే. రెండు ఆటల్లోనూ పిల్లలతో ఆడేటప్పుడు ఈ నియమాన్ని తీసేయండి. లూడోలో మొదటి కాయను అందరికీ బయటే పెట్టి మొదలుపెట్టండి. అష్టాచమ్మాలో ఏ పందెం పడినా కాయ కదలనివ్వండి.

ఆట ఎంతసేపు సాగుతుందన్నది కూడా ఆలోచించాలి. లూడోలో ఒక కాయ బయట పడ్డాక ఇంటికి చేరడానికి 56 అడుగులు. నాలుగు కాయలకు 224. పాచిక సగటు మూడున్నర. చావులు లేకపోయినా ఒక్కొక్కరూ అరవైకి పైగా పందేలు వేయాలి. అష్టాచమ్మాలో ఒక కాయకు 24, నాలుగింటికి 96. పందెం సగటు రెండున్నర, కాబట్టి నలభై లోపే. చావులు, ఎదురుచూపులు కలిపితే రెండూ పెరుగుతాయి. ఎంత పెరిగినా, నలుగురు ఆడే లూడో ఆఖరి కాయ పండేసరికి సగం మంది లేచి వెళ్లిపోవడం మామూలే. ఫోనులో ఆడితే త్వరగా అయిపోతుందంటారు. నిజమే, పాచిక అదే వేస్తుంది, గళ్లు అదే లెక్కపెడుతుంది. పాప వేలితో గడి గడినీ తాకుతూ లెక్కపెట్టడం, మధ్యలో ఒక గడి మింగేయడం, అన్నయ్య పట్టుకోవడం ఏవీ ఉండవు. అవి లేని ఆటను ఇంటిల్లిపాదీ ఆడే ఆట అనలేను.

ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం నా జవాబు మారుతుంది. అప్పుడు పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు; సుద్దముక్కతో నేల మీద గీసుకుంటే పటం సిద్ధం. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టేస్తాయి. అదృష్టానికి అసలు చోటే లేదు, కాబట్టి నా కొలమానం ప్రకారం ఈ ఆట పిల్లలకు పనికిరాకూడదు. పనికి రావడానికి కారణం రెండు పక్షాలూ సమానం కాకపోవడమే. పులులను ఆడించడం తేలిక, ఎక్కడ దూకవచ్చో చూసుకుంటే చాలు. మేకలను నడపాలంటే రెండు ఎత్తుల ముందు ఆలోచించాలి, ఒక్క తప్పటడుగుకు ఒక మేక పోతుంది. కాబట్టి పిల్లలకు పులులు, పెద్దవాళ్లకు మేకలు. నియమాలు మార్చకుండానే ఆట సమమవుతుంది. పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా ఆడవచ్చు. మేకలు వరుసగా గెలవడం మొదలయ్యాక పక్షాలు మార్చుకోండి. ఇద్దరికి మించి కూర్చోబెట్టలేకపోవడం ఒక్కటే దీని లోపం. లేకపోతే మొదటి స్థానం దీనికే ఇచ్చేవాడినేమో.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. వామనగుంటలు ఇద్దరి ఆట, చిన్నపిల్లల లెక్కలకు చాలా మంచిది, అయితే గింజలు లెక్కపెట్టగలిగే పెద్దవాళ్ల చేతిలో పిల్లలు ఓడుతూనే ఉంటారు. క్యారమ్స్ వేళ్ల నేర్పు. పదేళ్ల లోపు పిల్లలకు పలక అందదు. అమెరికాలో 1935 నుంచి అమ్ముడవుతున్న మోనోపలీ, దాని తోబుట్టువులైన వ్యాపారం ఆటలు పెద్ద పిల్లలకు సరదాయే గాని, దివాలా తీసినవాళ్లు మిగతా గంటా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆ ఒక్క కారణానికే నేను వాటిని పక్కన పెడతాను.

అష్టాచమ్మా మొదలుపెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి, లేకపోతే ఆట మధ్యలో ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా బయటికొస్తుంది. ఇంటూ గుర్తు ఉన్న గడిలో ఎవరినీ చంపకూడదన్నది అందరికీ తెలిసినదే. చంపినవాళ్లకు మరో పందెం ఉందా, ఒకే రంగు కాయలు రెండు ఒకే గడిలో ఉంటే చంపవచ్చా, మధ్య గడికి సరిగ్గా అన్నే పడాలా అన్నవి ముందే చెప్పుకోవాలి. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని, మూడోదానికి అవునని నా సలహా. నలుగురికి మించి ఉంటే ఒక పెద్దా ఒక పిల్లా చొప్పున జట్లు కట్టండి. గవ్వలు పిల్లలు వేస్తారు, కాయ ఇద్దరూ మాట్లాడుకుని జరుపుతారు. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే గవ్వలు, చింతపిక్కలు వాళ్ల చేతికి అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. వాళ్లను కూడా కలుపుకోవాలంటే ఆ ఒక్క ఏడాదికీ పెద్ద చెక్క పాచికతో వైకుంఠపాళి ఆడుకోండి.