డబ్బా ముందు ‘లో జీఐ’, వెనక మాల్టోడెక్స్‌ట్రిన్: బెంగళూరు షాపుల్లో చక్కెర ప్రత్యామ్నాయాలు

మారతహళ్లిలోగానీ జయనగర్ నాలుగో బ్లాకులోగానీ కాస్త పెద్ద సూపర్ మార్కెట్‌లోకి అడుగుపెడితే, పంచదార ప్యాకెట్ల పక్కన ఇంకో అర కనబడుతుంది. కొబ్బరి చక్కెర, తాటిబెల్లం పొడి, అగావే మొక్క సిరప్, స్టీవియా సాచెట్లు, సుక్రలోజ్ మాత్రలు, ఎరిథ్రిటాల్ డబ్బాలు, ఆ పక్కనే ‘షుగర్ ఫ్రీ’ కాజూ కట్లీ. చాలావాటి మొహాన ‘లో జీఐ’ అన్న ముద్ర. ఆ ముద్ర చూసి కొనేవాళ్లు సగం మోసపోయినట్టే.

జీఐ, అంటే గ్లైసీమిక్ ఇండెక్స్ అన్నది 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన కొలత. జీర్ణమయ్యే పిండిపదార్థం 50 గ్రాములు ఉండేంత ఆహారం పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగిందో చూస్తారు. అదే మనిషి 50 గ్రాముల గ్లూకోజు తాగినప్పటి పెరుగుదలని 100గా తీసుకుని పోలుస్తారు. 55, అంతకు లోపు అయితే తక్కువ. 70, ఆపైన అయితే ఎక్కువ. పంచదార 65 దగ్గర ఉంటుంది. అది సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఫ్రక్టోజు జీఐ 20 లోపే కాబట్టి రెండూ కలిసి మధ్యలో తేలింది. అంటే ఏ తీపిలోనైనా ఫ్రక్టోజు పాలు పెంచితే చాలు, జీఐ దానంతటదే పడిపోతుంది. అగావే సిరప్ గుట్టు ఇదే. రక్తంలో గ్లూకోజు పెద్దగా కదలదు నిజమే, కానీ ఫ్రక్టోజు నేరుగా కాలేయానికి పోతుంది. మోతాదు మించితే అక్కడ కొవ్వవుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. జీఐ అంకెకి ఆ సంగతి కనపడదు. అగావేకి మా మార్కులు సున్నా.

కొబ్బరి చక్కెర డబ్బాల మీద 35 అని కనిపిస్తుంది. ఆ అంకె ఫిలిప్పీన్స్‌లో చేసిన పరీక్షది. సిడ్నీ విశ్వవిద్యాలయం కొలిస్తే 54 వచ్చింది. దాన్లో ముప్పాతిక వంతు సుక్రోజు, అంటే మామూలు పంచదారే. పోనీ 54 అనే అనుకుని ఒక కాఫీ లెక్క వేద్దాం. రెండు చెంచాలు, అంటే 8 గ్రాములు. జీఐని పిండిపదార్థం గ్రాములతో గుణించి 100తో భాగిస్తే వచ్చేది గ్లైసీమిక్ లోడ్, అంటే ఆ మోతాదు రక్తంలో గ్లూకోజుని ఎంత పెంచుతుందో చెప్పే అంకె. పంచదారకి 5.2, కొబ్బరి చక్కెరకి 4.3. తేడా ఒకటి కూడా లేదు. అదే 150 గ్రాముల తెల్లన్నంలో 42 గ్రాముల పిండిపదార్థం, జీఐ 70 అనుకున్నా లోడ్ 29. కాఫీలో ఒకటి మిగిల్చి, మధ్యాహ్నం ఇంకో రెండు గరిటెలు అన్నం వడ్డించుకునే ఇళ్లకి ఈ డబ్బా ఎందుకో అర్థం కాదు. రుచి నచ్చితే కొనండి, పాకంలాంటి ఘుమఘుమ బాగుంటుంది. షుగర్ కోసం మాత్రం వద్దు. తాటిబెల్లం, మామూలు బెల్లం కూడా ఇదే బాపతు: ఎక్కువ భాగం సుక్రోజు, కాస్త గ్లూకోజు, ఫ్రక్టోజు, చిటికెడు ఖనిజాలు.

స్టీవియా ఆకు సారం పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తీపి. అంత కొంచెం పొడిని సాచెట్‌లో నింపలేరు కాబట్టి డెక్స్‌ట్రోజ్ గానీ మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ కలుపుతారు. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే, జీఐ 100. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే పిండి నుంచి తీసిన పొడి, దాని జీఐ కూడా దాదాపు అంతే. ఒక గ్రాము సాచెట్‌లో దాదాపు మొత్తం అదే అయితే లోడ్ ఒకటి. రెండు చెంచాల పంచదారతో పోలిస్తే నయమే, కానీ ‘జీరో’ కాదు. రోజుకి ఏడెనిమిది సాచెట్లు చించేవాళ్లు లెక్కలోకి తీసుకోవాలి. సుక్రలోజ్ మాత్రల్లో నింపుడు సరుకు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. ఫిల్టర్ కాఫీకి అవే సులువు: డికాక్షన్ వేడిగా ఉన్నప్పుడే మాత్ర వేసి, ఆ తర్వాత పాలు పొయ్యండి, అడుగున మిగలదు. అస్పర్టేమ్ రకం మాత్రం స్టవ్ మీద పెట్టకండి, వేడికి విరిగి తీపి పోతుంది.

ఈ అరలో డబ్బు పెట్టదగ్గది ఎరిథ్రిటాల్. జీఐ సున్నా, గ్రాముకి 0.2 కేలరీలు (పంచదారకి 4). పేగుల్లోనే చాలా మటుకు పీల్చుకుపోయి మూత్రంలో బయటికి వెళ్లిపోతుంది కాబట్టి మిగతా షుగర్ ఆల్కహాళ్ల (ఈ కోవకే చెందిన, మత్తు లేని తీపి పదార్థాలు) కన్నా కడుపుబ్బరం తక్కువ. ధర పంచదారకి చాలా రెట్లు. తీపి మాత్రం 70 శాతమే: 100 గ్రాముల పంచదార చోట 140 గ్రాములు పడుతుంది. స్టీవియా కలిపిన డబ్బాలైతే సాధారణంగా కొలతకి కొలత, కొన్ని రెట్టింపు తీపివి. వెనక చూసుకుని వెయ్యాలి.

వంటలో దీనికి మొండితనం ఎక్కువ. తీగపాకం రాదు. వేడిలో నీరులా కరిగి, చల్లారగానే మళ్లీ పలుకులు కడుతుంది. మైసూరు పాక్, అరిసెలు, జీడిపప్పు పాకం జోలికి పోవద్దు. బొబ్బట్ల పూర్ణం వేడిగా ఉన్నప్పుడు బాగుండి, మర్నాటికి ఇసుక తగిలినట్టుంటుంది. ఎర్రగా వేగదు, కాబట్టి బిస్కెట్లు పాలిపోయి వస్తాయి. చల్లటి లస్సీలో సరిగ్గా కరగదు. పాకం అక్కర్లేని సున్నుండలకి దివ్యంగా ఒదుగుతుంది: మిక్సీలో మెత్తగా పొడి కొట్టి, జల్లించి, మినపపిండిలో కలిపి వేడి నెయ్యి పొయ్యడమే. నోట్లో పిప్పరమెంటు లాంటి చలవ తెలుస్తుంది. యాలకుల పొడి కాస్త ఎక్కువ వేస్తే అది సర్దుకుంటుంది. సేమియా పాయసానికి స్టవ్ ఆపేముందు వెయ్యండి. బెల్లంలా పాలు విరగ్గొట్టదు, అదొక సుఖం.

2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని ప్రచురించారు. అది కారణమని తేలలేదు, మన శరీరం కూడా దాన్ని కొంత తయారుచేసుకుంటుంది. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా రోజూ గుప్పెళ్లకొద్దీ వాడకపోవడమే మంచిది.

ఇక ‘షుగర్ ఫ్రీ’ స్వీట్లు. వీటిలో తరచుగా ఉండేది మాల్టిటాల్ అనే ఇంకో షుగర్ ఆల్కహాల్. పాకం చక్కగా వస్తుంది, అందుకే స్వీటు షాపులకి అదంటే ఇష్టం. కానీ దాని జీఐ 35 దగ్గర, సిరప్ రూపంలో 50 దాటుతుంది. పంచదారలో సగమో, అంతకన్నా ఎక్కువో లోడ్ ఉన్నదాన్ని ‘ఫ్రీ’ అనడం మాటల గారడీ. 30, 40 గ్రాములు దాటితే చాలామందికి కడుపు గడబిడ, విరేచనాలు. నెయ్యి, జీడిపప్పు కేలరీలు ఎలాగూ ఎటూ పోవు. పండక్కి ఒక ముక్క చాలు.

డబ్బా తిప్పి చూసేటప్పుడు పేర్లు కనపడకపోతే ఐఎన్ఎస్ అంకెలు (ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ నంబర్లు) వెతకండి. 968 ఎరిథ్రిటాల్, 967 జైలిటాల్, 965 మాల్టిటాల్, 960 స్టీవియా, 955 సుక్రలోజ్, 951 అస్పర్టేమ్. ఇంట్లో కుక్క ఉంటే 967 ఉన్నదేదీ దానికి అందేచోట పెట్టొద్దు, జైలిటాల్ కుక్కలకి విషం.

ఇన్సులిన్‌గానీ, షుగర్ బాగా దించే మాత్రలుగానీ వాడేవాళ్లున్న ఇంట్లో మామూలు పంచదార కొంచెం ఎప్పుడూ ఉంచండి. ఎరిథ్రిటాల్, పంచదార చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. షుగర్ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికేటప్పుడు కంగారులో ఎరిథ్రిటాల్ డబ్బాలోది కలిపి తాగిస్తే షుగర్ ఏమీ పెరగదు. అప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజు, లేదా నీళ్లలో మూడు నాలుగు చెంచాల మామూలు పంచదార. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో పేర్లు రాసి, వేర్వేరు అరల్లో పెట్టండి.