ఫెంటాస్టిక్ ఫోర్ 51 కొనేవాళ్లకు హెచ్చరిక: లోపలి పేజీ మార్చి అమ్ముతున్నాడు

మన గ్రూపులో అందరం అన్నయ్యా అని పిలిచే ఆ పెద్దమనిషి దగ్గర పాత మార్వెల్ కామిక్స్ కొనకండి. బేరం కుదిరి డబ్బు పంపబోతున్నవాళ్లు ఇది చదివేదాకా ఆగండి. పేరు రాయడం లేదు. అమెరికాలో ఉంటూ సిల్వర్ ఏజ్ పుస్తకాలు, అంటే 1950ల చివరి నుంచి 1960ల దాకా వచ్చిన కామిక్స్, కొనే తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నాం? ఎవరి గురించి చెబుతున్నానో మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. "మనవాళ్లకి మాత్రమే ఈ రేటు" అని పండక్కొకసారి ఫోటోలు పెడతాడే, ఆయనే.

నాకు మూడు వందల ఎనభై డాలర్లకి ఫెంటాస్టిక్ ఫోర్ అనే మార్వెల్ కామిక్ 51వ సంచిక అమ్మాడు. అందులో ఒక కాగితం అసలుది కాదు. పాత కాగితం కోసేసి, దాని స్థానంలో ఇంట్లో తీసిన ప్రింటు అతికించారు. అదీ ఏ పేజీ అనుకున్నారు? ఈ పుస్తకాన్ని మనందరం ఏ పేజీ కోసం కొంటామో, సరిగ్గా అదే.

అట్ట, వెనకట్ట, మొదటి పేజీ ఫోటోలు పెట్టాడు. మొదటి పేజీ మీకు తెలిసిందే, వానలో రాతి ఒంటి థింగ్, అంటే బెన్, ఒక్కడే నిలబడి ఉంటాడు. లోపలి పేజీల ఫోటోలు కూడా పెట్టండి అన్నయ్యా అని అడిగాను. "పాత కాగితం చెల్లెమ్మా, ఎక్కువ విప్పితే వెన్ను విరుగుతుంది. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. పుస్తకం స్థితిని బట్టి పదికి మార్కులు వేసే గ్రేడింగ్‌కి పంపితే 7.0 ఖాయం అన్నాడు. డబ్బు వస్తువు కొన్నట్టు కాక, సొంతవాళ్లకి ఇచ్చినట్టు ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమన్నాడు, లేకపోతే ఫీజు దండగ అట. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకి కొన్నవాళ్లకి రక్షణ ఉండదని ఆయనకి తెలియదా? ఏళ్ల తరబడి ఇదే వ్యాపారం చేస్తున్న మనిషి. తెలిసే అడిగాడు.

ఈ పుస్తకం గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1966 జూన్ సంచిక, అప్పటి ధర 12 సెంట్లు. స్టాన్ లీ, జాక్ కర్బీల కథ, బొమ్మలు కర్బీవి, వాటి మీద సిరా గీతలు (ఇంకింగ్) జో సిన్నాట్‌వి. దీనికి ముందు 48 నుంచి 50 దాకా సంచికల్లో గలాక్టస్ అనే విలన్ వచ్చి భూమినే మింగేయబోయాడు కదా. అలాంటి ముప్పు మళ్లీ వస్తే ఎదుర్కోవాలని ఆ నలుగురి నాయకుడు రీడ్ రిచర్డ్స్ సబ్‌స్పేస్ అనే వేరే డైమెన్షన్‌లోకి దిగుతాడు. తర్వాతి రోజుల్లో నెగటివ్ జోన్ అన్నది దీన్నే. అతనికి కట్టిన కేబుల్ ఇవతలి కొస పట్టుకుని ఉన్నది బెన్ కాదు. బెన్ రూపం, బలం కాజేసి, రీడ్ మీద అసూయతో వాళ్ల ఇంట్లోకి జొరబడ్డ ఒక శాస్త్రవేత్త. కథ మొత్తంలో అతనికి పేరు కూడా లేదు. కేబుల్ తెగిపోతుంది. చేతులు కట్టుకుని నిలబడితే అతను కోరుకున్నది దానంతటదే జరిగిపోతుంది. కానీ తనే లోపలికి దూకి, రీడ్‌ని బయటికి విసిరి, తాను అక్కడే ఉండిపోతాడు. ఇరవై పేజీల కథ, అంతే. సూపర్‌హీరోల కథల్లో నాకు దీన్ని మించింది లేదు.

రీడ్ ఆ డైమెన్షన్‌లోకి అడుగుపెట్టే చోట కర్బీ మామూలుగా బొమ్మ వేసి ఊరుకోలేదు. పత్రికల్లోంచి కత్తిరించిన ఫోటోలు పేజీ నిండా ఒకదాని మీద ఒకటి అతికించి, ఆ గందరగోళం మధ్యలో రీడ్‌ని పెట్టాడు. కోలాజ్. ఆనాటి చౌక న్యూస్‌ప్రింట్ మీద ఫోటోలు సరిగ్గా అచ్చయ్యేవి కావు, అంతా మసకమసకగా కనిపిస్తుంది. ఆ మసకే నాకు కావాలి. ఇప్పటి నున్నటి కాగితం మీద రీప్రింట్లలో ఆ పేజీ ఎంత స్పష్టంగా ఉన్నా నాకు అక్కర్లేదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం ఈ కథ నలుపు తెలుపు రీప్రింట్ దొరికింది. రంగుల్లో, అసలు కాగితం మీద ఎలా ఉంటుందో చూడాలని అప్పటి నుంచీ ఉంది.

ఇక పార్సిల్ సంగతి. ప్యాకింగ్ చాలా పద్ధతిగా ఉంది, మైలార్ కవరు, వెనక అట్ట, రెండు వైపులా కార్డుబోర్డు. విప్పి నెమ్మదిగా పేజీలు తిప్పుతున్నాను. కోలాజ్ పేజీ దగ్గర వేలికి తేడా తగిలింది. మిగతా కాగితాలన్నీ మెత్తగా, కాస్త నూగుగా ఉంటే ఇది గట్టిగా, నున్నగా ఉంది. రంగు కూడా అంతే. అరవై ఏళ్ల న్యూస్‌ప్రింట్ గాలి తగిలే అంచుల దగ్గర ముదురు గోధుమ రంగుకి తిరిగి, లోపలికి వచ్చేకొద్దీ లేతగా ఉంటుంది. ఈ కాగితం టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టినట్టు అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు.

పదింతలు పెద్దగా చూపించే లూప్ తీశాను. పక్క పేజీలో థింగ్ నారింజ రంగంతా వరసగా పేర్చిన చుక్కలే, ఆ కాలం అచ్చు అలాగే ఉంటుంది. ఈ పేజీలో ఆ వరసే లేదు. ఇంక్‌జెట్ ప్రింటర్ చిమ్మిన సన్నటి నలుసులు, ఎక్కడపడితే అక్కడ. గదిలో లైట్లు ఆర్పి యూవీ టార్చి వేశాను. పుస్తకమంతా మెరవకుండా చీకట్లోనే ఉండిపోయింది, ఈ ఒక్క కాగితం నీలం తెలుపుగా మెరిసింది. ఇప్పటి ప్రింటర్ కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం యూవీ కింద అలా మెరుస్తుంది. పాత న్యూస్‌ప్రింట్‌లో అది ఉండదు. చివరికి వెన్ను దగ్గర చూస్తే, కోసేసిన అసలు కాగితం తాలూకు సన్నటి పట్టీ ఇంకా అక్కడే ఉంది. దాని మీదే జిగురు రాసి కొత్తది అంటించారు. పిన్నులు కదిలించలేదు, కాబట్టి బయటి నుంచి ఎంత చూసినా తెలియదు. కవరులోంచే చూసి మురిసిపోయేవాళ్లకి జన్మలో తెలియదు.

మా ఊళ్లో కామిక్ షాపు నడిపే పెద్దాయనకి చూపించాను. వెన్ను చూసి, టార్చి వేసి, మాట్లాడకుండా నాకు తిరిగి ఇచ్చేశాడు. గ్రేడింగ్‌లో ఇది అసంపూర్ణం కిందే లెక్క అన్నాడు. 7.0 మాట అటుంచండి, స్కేల్లో అట్టడుగున 0.5 దగ్గర తేలుతుంది.

అప్పటికి కూడా ఆయన మోసం చేశాడని నేను అనుకోలేదు. ఆయన్ని ఎవరో మోసం చేసి ఉంటారు, చూసుకోలేదేమో అనుకున్నాను. మెత్తగానే ఫోన్ చేశాను. "అన్నయ్యా, పుస్తకం అందింది. లోపల ఒక పేజీలో తేడా ఉందండీ" అన్నాను. అంతే అన్నాను. ఏ పేజీయో చెప్పలేదు.

"కోలాజ్ పేజీయేనా?" అన్నాడు.

అట్టలు కాక లోపల ముప్పై రెండు పేజీలు ఉంటాయి ఆ పుస్తకంలో. కథ ఉంది, యాడ్లు ఉన్నాయి, పాఠకుల ఉత్తరాలు ఉన్నాయి. ఒక పేజీలో తేడా అనగానే, చూసుకోని మనిషైతే ఏ పేజీ అని అడుగుతాడు. ఈయన అడగలేదు. నోరు జారిందని ఆయనకీ అర్థమైంది, కాసేపు అటు నుంచి మాట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. విప్పితే వెన్ను విరుగుతుందని ఫోటోలు ఎందుకు పెట్టలేదో, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ అని ఎందుకు పట్టుబట్టాడో అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలియడం ఏముంది చెల్లెమ్మా. పేజీ ఉందా లేదా? ఉంది. కథ తెలుస్తోందా లేదా? తెలుస్తోంది. చదువుకోవడానికే కదా కొన్నావు?"

డబ్బు వెనక్కి ఇవ్వండి, పుస్తకం నా ఖర్చుతో పంపేస్తాను అన్నాను. దాంతో చెల్లెమ్మ కాస్తా మేడమ్ అయిపోయింది. "చూడండి మేడమ్, బొమ్మల పుస్తకం కోసం ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. సార్‌ని ఒకసారి లైన్లోకి రమ్మనండి. మేం మేం మాట్లాడుకుంటాం."

సార్‌ని రమ్మనాలట! నా జీతం, నా డబ్బు, నేను పదేళ్లుగా ఒక్కొక్కటి కూడబెట్టుకుంటున్న పుస్తకాలు. మా ఆయనకి కర్బీ ఎవరో కూడా తెలియదు. కొనేటప్పుడు సార్‌ని అడగలేదే! డబ్బు తీసుకునేటప్పుడు చెల్లెమ్మ పనికొచ్చింది, నిలదీసేసరికి మగమనిషి కావాల్సి వచ్చాడా? డబ్బు పోయిన బాధ కంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. ఈ పుస్తకాలు సేకరించే ఆడవాళ్లం మన గ్రూపులో కొద్దిమందిమే, మనతో ఈయన ఎలా మాట్లాడతాడో మీరు కూడా తెలుసుకోవాలి. నేను గట్టిగా జవాబు చెప్పేలోపు ఫోన్ పెట్టేశాడు, సాయంత్రానికి బ్లాక్ చేశాడు.

ఒక్కటి స్పష్టంగా చెబుతున్నాను. పేజీ లేని పుస్తకం అమ్మడం తప్పు కాదు. పేరున్న పాత సంచికల పేజీలు కోసి విడివిడిగా అమ్ముకునేవాళ్లు ఉన్నారు, అలా మిగిలిపోయిన కాపీలు మార్కెట్లో తిరుగుతూనే ఉంటాయి. "కోలాజ్ పేజీ లేదు, ప్రింటు పెట్టాను" అని ఒక్క లైను రాసి తక్కువ రేటుకి పెడితే, అది చాలనుకునేవాళ్లు కొనుక్కుంటారు. ఈయన ఆ లైను రాయకుండా, కాగితానికి రంగు పట్టించి, అది కనపడకుండా ఫోటోలు ఆపి, పూర్తి కాపీ రేటు తీసుకున్నాడు. దీన్ని పొరపాటు అని నేను ఒప్పుకోను. ఒక మనిషి కూర్చుని, కొలత చూసుకుని, కత్తిరించి, జిగురు రాసి చేసిన పని ఇది. అది ఈయనే చేశాడో, ఈయనకి అమ్మినవాడు చేశాడో నాకు అనవసరం. తెలిసి అమ్మాడు.

కొనేవాళ్లు పేజీలన్నీ తిప్పుతూ తీసిన వీడియో అడగండి. వెన్ను విరుగుతుంది అన్నవాడి దగ్గర కొనకండి, జాగ్రత్తగా తిప్పితే ఏమీ కాదు. పేమెంట్ ఎప్పుడూ వస్తువు కొన్నట్టుగానే పంపండి, ఆ ఫీజు మీరే పెట్టుకోండి. యూవీ టార్చి పదిహేను డాలర్లు పెడితే దొరుకుతుంది, పుస్తకం చేతికి రాగానే ప్రతి కాగితం మీదా వేసి చూడండి. 1970ల్లో మార్వెలే ఈ కథలని న్యూస్‌ప్రింట్ మీద మళ్లీ వేసింది. ఆ రీప్రింట్లలోంచి పేజీ తీసి అతికిస్తే మాత్రం టార్చికి దొరకదు, వెన్ను దగ్గర పట్టీ ఉందేమో చూడాల్సిందే.

ఇదంతా ఇప్పుడే కూర్చుని రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి ఆయన ఫెంటాస్టిక్ ఫోర్ యాన్యువల్ 6 అమ్మకానికి పెట్టాడని ఒక ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపింది. 1968 నవంబరుది, 25 సెంట్ల పెద్ద సంచిక. రీడ్ భార్య సూకి పురిటి గండం వస్తే, ఆమెనీ బిడ్డనీ కాపాడటానికి రీడ్, బెన్, సూ తమ్ముడు జానీ ముగ్గురూ నెగటివ్ జోన్‌లోకి వెళ్లి అనైహిలస్ అనే విలన్‌తో తలపడే నలభై ఎనిమిది పేజీల కథ. అనైహిలస్ మొదటిసారి కనిపించేది అందులోనే, రీడ్, సూల కొడుకు పుట్టేదీ అందులోనే. అందుకే దానికి అంత గిరాకీ. ఈసారి కూడా అట్ట, వెనకట్ట, మొదటి పేజీ ఫోటోలే పెట్టాడు. కింద అప్పుడే ముగ్గురు "అన్నయ్యా, నాకు ఉంచండి" అని రాశారు.

ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రాత్రికి డబ్బు పంపకండి. ఇప్పటికే పంపినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. లూప్ కింద తీసినవి, యూవీ కింద తీసినవి, వెన్ను దగ్గర జిగురు కనిపించేవి, ఫోటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆయనతో జరిగిన చాట్ కూడా దాచాను. మీ బ్యాంకుకి కంప్లైంట్ పెట్టడానికి పనికొస్తాయి, నేను ఈ రోజే పెడుతున్నాను.