మామిడితోట డబ్బా కోసం కొన్న పవర్ ప్రొఫైలర్ కిట్ 2

నూజివీడు దగ్గర మా మామిడితోటలో మట్టి తేమ చూసి లోరా (తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో) మీద ఇంటికి కబురు పంపే డబ్బా ఒకటి పెట్టాను. లోపల ఈఎస్‌పీ32 అనే కంట్రోలర్ చిప్ ఉన్న బోర్డు, 2600 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్. తొమ్మిదో రోజుకల్లా నాన్న ఫోను: "ఒరే, నీ డబ్బా మళ్ళీ చచ్చిందిరా."

డీప్ స్లీప్‌లో (రెండు రీడింగుల మధ్య గాఢనిద్రలో) ఆ చిప్ తాగేది 10 మైక్రోఆంపియర్లు. మరి సెల్ ఎటు పోతోంది? మల్టీమీటరు 10 ఆంపియర్ల సాకెట్లో పెడితే 0.01 చూపించి ఊరుకుంది. మైక్రోఆంప్ రేంజికి తిప్పితే మీటరు లోపలి రెసిస్టరు దగ్గరే వోల్టేజీ పడిపోయి బోర్డు ఆనే కాలేదు. విసుగొచ్చి చిప్‌ల కంపెనీ నార్డిక్ వాళ్ల ఈ కరెంటు కొలిచే కిట్ తెప్పించాను. పదివేలకు దగ్గర పడింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సెల్ తీసేసి దీన్నే కలిపి 3.7 వోల్టులు ఇచ్చాను. 200 నానోఆంప్‌ల నుంచి 1 ఆంప్ దాకా రేంజి తనే మార్చుకుంటూ సెకనుకు లక్షసార్లు కొలిచి, ల్యాప్‌టాప్‌లో గీత గీస్తుంది. నిద్రలో 12 మిల్లీఆంప్‌లు! సెల్ వోల్టేజీని చిప్‌కు సరిపడా దించే, బోర్డు మీది ఏఎంఎస్1117 రెగ్యులేటరే దాదాపు 5 తినేస్తోంది. నేను ఆపడం మర్చిపోయిన తేమ సెన్సరు ఇంకో 5. మిగతాది ఎవరూ చూడని ఎర్ర ఎల్‌ఈడీ, సెల్ వోల్టేజీ చూడ్డానికి నేనే పెట్టిన రెండు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు. ఎల్‌ఈడీ పీకేశాను, పాత రెగ్యులేటరు తీసి ఎంసీపీ1700 వేశాను, సెన్సరుకు కరెంటు జీపీఐఓ పిన్ (ప్రోగ్రాంతో ఆన్, ఆఫ్ చేసే చిప్ కాలు) నుంచి ఇచ్చాను, రెసిస్టర్లు 1 మెగాఓమ్‌వి పెట్టాను. 18 మైక్రోఆంప్‌లకు దిగింది. (ఎంసీపీ1700 ఇచ్చేది 250 మిల్లీఆంప్‌లే. వైఫై వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు.)

అసలు డబ్బులు వసూలైంది ఆ తర్వాత. మేల్కొన్న రెండు సెకన్ల ముక్కను మౌస్‌తో ఎంచుకుంటే 90 మిల్లీకూలంబులు (ఆ కాసేపట్లో ఖర్చయిన మొత్తం చార్జి) అని వచ్చింది. రేడియోనే మింగుతోందని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. దాని వాటా 7 మిల్లీకూలంబులే! మిగిలిందంతా సెన్సరు స్థిరపడాలని నేను రాసుకున్న ఒకటిన్నర సెకను డిలే, గీతలో గోడలా నిలబడి ఉంది. దాన్ని 200 మిల్లీసెకన్లకు కోసేశాను. రీడింగు ఏమీ మారలేదు.

ఇక నచ్చనివి. ఇంకా మైక్రో యూఎస్‌బీయే, ఎక్కువ కరెంటు కావాలంటే రెండో కేబులూ పెట్టాలి. 5 వోల్టులు దాటిన సర్క్యూట్‌కు పనికిరాదు. వోల్టేజీ స్లైడరు చూసుకోకుండా ఔట్‌పుట్ ఆన్ చేశారో, 3.3 వోల్టుల చిప్‌కు 5 ఎక్కించి చంపేయగలరు. నేను ప్రతిసారీ రెండుసార్లు చూస్తాను.

అరగంటకోసారి పంపినా లెక్క ప్రకారం సెల్ ఏళ్ల తరబడి రావాలి. సెల్ తనంతట తానే దిగడం, తోటలో ఎండ గుర్తుపెట్టుకుని నాన్నకు ఏడాదనే చెప్పాను.