ఫీల్డ్‌వర్క్‌కి జూమ్ హెచ్1ఎన్ రికార్డర్: నెల్లూరు తీరంలో ఎంతవరకు పనికొస్తుంది

సోషల్ ఆంత్రపాలజీలో డిసర్టేషన్ రాసేవాళ్లకు జూమ్ కంపెనీ చేతి రికార్డర్ హెచ్1ఎన్ చాలు, అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు. కాకపోతే మైపాడు, కృష్ణపట్నం వైపు మత్స్యకారుల పల్లెల్లో, యానాది గిరిజనుల కాలనీల్లో, రొయ్యల గుంటల గట్ల మీద వాడాలంటే మైకుకు తొడిగే బొచ్చు విండ్‌స్క్రీన్ కూడా కొనాల్సిందే. దానికి డబ్బు మిగలకపోతే రికార్డర్ కొనడం వాయిదా వేసుకోండి.

బరువు సెల్లులు కాకుండా 60 గ్రాములు. రెండు ట్రిపుల్ ఏ సెల్లులు పడతాయి. ఆల్కలైన్‌వి వేస్తే 10 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. రీఛార్జబుల్‌వి వేస్తే సెట్టింగుల్లో సెల్లు రకం మార్చాలి, లేదంటే మిగిలిన ఛార్జి తప్పుగా చూపిస్తుంది. మైక్రోఎస్‌డీ కార్డు 32 జీబీ వరకే. వేవ్ ఫార్మాట్‌లో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ పెడితే గంటకు సుమారు 635 ఎంబీ, కార్డు మొత్తానికి 50 గంటలు. మాటలకు అది ధారాళంగా సరిపోతుంది.

అసలు ఇబ్బంది గాలితో. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎత్తుకుంటుంది. లోతైన శబ్దాలను కోసేసే లో కట్ ఫిల్టర్‌లో 80, 120, 160 హెర్ట్జ్ ఉన్నాయి. అవి మోటారు గుర్రును కొంత తగ్గిస్తాయి గానీ, మైకుకు నేరుగా కొట్టే గాలిని ఆపలేవు. అది బొచ్చు పనే. గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువగా రాత్రి నుంచి తెల్లవారుజాము దాకా తిరుగుతాయి కాబట్టి పొద్దున ఎనిమిది, పదకొండు మధ్య వేళ మేలు. ఆ వేళ జనం పనిలో ఉంటే వాళ్ల వీలే ముఖ్యం, ఆడియో తర్వాత. స్లాబు ఇంట్లో గొంతు గింగురుమంటుంది. తాటాకు పందిరి కింద చక్కగా వస్తుంది.

శబ్దం స్థాయిని దానంతటదే సర్దే ఆటో లెవెల్ ఆపేయండి. మనిషి మాట ఆపి ఆలోచించే క్షణంలో అది ఫ్యాను హోరును పైకి లేపుతుంది. లెవెల్ చక్రాన్ని చేత్తోనే తిప్పి, గట్టి మాట తెర మీది మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. హఠాత్తుగా వచ్చే గట్టి శబ్దం పగలకుండా ఆపే లిమిటర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ఒళ్లంతా ప్లాస్టిక్ కాబట్టి వేలు కదిపినా రికార్డవుతుంది. చేత్తో పట్టుకోకుండా మడతపెట్టిన తువ్వాలు మీద, చాప మధ్యలో పెట్టండి. మూతి ముందు పట్టుకుంటే టీవీ వాళ్ల మైకులా ఉండి మనుషులు బిగుసుకుపోతారు. పథకాల కోసం వచ్చిన అధికారులనుకుంటే మరీ కష్టం. అందుకే ఎవరు వింటారో, ఎక్కడ దాస్తారో, ఎప్పుడైనా ఆపమనొచ్చని ముందే చెప్పాలి. చదువురాని వాళ్ల అంగీకారాన్ని వాళ్ల నోటితోనే, పేరు బదులు కోడ్ నంబరుతో, రికార్డింగ్ మొదట్లో తీసుకోవాలి.

ఎంత మంచి రికార్డరైనా వేలు చూపించడాన్ని పట్టుకోలేదు. "ఆడుండాడే, ఆయనకి మా చెల్లినిచ్చాం" అంటే కాగితం మీదికి వచ్చేసరికి ఆయనెవరో తెలియదు. "నీలం చొక్కా ఆయనా?" అని అక్కడే అడిగి టేపులో పడేయండి, నోటుబుక్కులో నిమిషం రాసుకోండి. వంశవృక్షాలకు ఆడియోను నమ్ముకోవద్దు. మేనరికాలున్న ఇళ్లలో మేనమామే మామగారు కూడా అవుతాడు. మగవాళ్లకు త్రిభుజాలు, ఆడవాళ్లకు వృత్తాలు గీసుకుంటూ వాళ్లకే చూపించి సరిచేయించుకోవాలి.

రాసుకోవడం దగ్గరే చాలామంది మునుగుతారు. గంట మాటకు ఆరు గంటలు వేసుకోండి. గంటేసి ముప్పై ఇంటర్వ్యూలంటే 180 గంటల టైపింగు! 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను తీసేశాక చాలామందికి ఎంఏ చివరి సెమిస్టర్ డిసర్టేషనే తొలి పరిశోధన. ఆ కొద్ది నెలల్లో పదిహేను నిండైన ఇంటర్వ్యూలు చాలు. టైపు చేసేవాళ్లకు ఇస్తే "ఉండాది"ని "ఉంది"గా దిద్దవద్దని ముందే చెప్పండి. అలా దిద్దితే పల్లె మాట పోయి పాఠ్యపుస్తకం మిగులుతుంది.

దీని తర్వాత వచ్చిన హెచ్1ఎసెన్షియల్ 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే గుసగుసనూ అరుపునూ ఒకేసారి పట్టే పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి లెవెల్ తిప్పే పనే లేదు. ఒంటరిగా తిరుగుతూ, అడుగుతూ, రాసుకుంటూ ఉండేవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ 48 కిలోహెర్ట్జ్‌లో గంటకు దాదాపు 1.4 జీబీ తింటుంది. ల్యాప్‌టాప్‌లోనూ బ్యాకప్ డ్రైవులోనూ అంత చోటు ఉంటే అదే తీసుకోండి.