టిబెటన్ల స్వెటర్ల దుకాణం: బడి పిల్లలకు ఏది కొనాలి, ఏది అక్కడే వదిలేయాలి

దీపావళి వెళ్లిందంటే మన ఊళ్లలో ఏదో ఒక ఖాళీ స్థలంలో, రోడ్డు వారగా పొడుగాటి టెంట్ల కింద టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలున్న ఇళ్లవాళ్లు అక్కడ ఏం కొనొచ్చో, ఏం కొనకూడదో చూద్దాం. ముందే చెప్పేయాలంటే, ముందువైపు తెరుచుకునే సాదా స్వెటర్, చెవులు మూసే పల్చటి టోపీ ఈ రెండింటికీ ఇంతకంటే మంచి చోటు చాలా ఊళ్లలో లేదు. లోపల బొచ్చున్న దళసరి జాకెట్లు, తాళ్లు వేలాడే హుడీలు, పొడుగు మఫ్లర్లు మాత్రం బడికి వద్దు. షికారుకు వేసుకుంటారంటే మీ ఇష్టం.

ఎందుకంటే మన చలి పొద్దుటి చలి. డిసెంబరు, జనవరిల్లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున మామూలుగా 14, 15 డిగ్రీలుంటుంది. చలిగాలులు మొదలైతే శివార్లలో 10 కిందికి దిగుతుంది. అదే రోజు మధ్యాహ్నం 28 దాకా ఎండ కాస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, అటు లంబసింగి, చింతపల్లి వైపు పొద్దున ఒక్క అంకెలోకి పడిపోయినా పగలు ఎండ తగులుతూనే ఉంటుంది. స్కూలు బస్సు ఏడు, ఏడున్నరకే వచ్చేస్తుంది. అంటే పిల్లలకు కావలసింది రెండు, మూడు గంటల వెచ్చదనం. పదిన్నరకల్లా తీసి సంచిలో పెట్టుకోవాలి. నలభై మంది ఉన్న క్లాసులో టీచర్ ఒక్కొక్కరి స్వెటర్ విప్పుతూ కూర్చోలేదు. కాబట్టి స్వెటర్‌కు మొదటి పరీక్ష మందం కాదు. ఆరేళ్ల పిల్ల దాన్ని తనంతట తాను విప్పి, మడిచి, సాయంత్రం మళ్లీ తొడుక్కోగలదా అన్నదే.

ఈ దుకాణదారుల్లో చాలామంది కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడు లాంటి టిబెటన్ శరణార్థి కాలనీల నుంచి వస్తారు. అక్కడ మొక్కజొన్న పంట చేతికొచ్చాక ఈ వ్యాపారం మొదలవుతుంది. సరుకు ఎక్కువగా లూధియానాది. అక్కడి టోకు వ్యాపారుల దగ్గర అప్పు మీద తెచ్చి, సీజన్ అయ్యాక బాకీ తీర్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. బేరం ఆడితే నవ్వేసి ఊరుకుంటారు. చాలా దుకాణాల్లో ఒకటే రేటు. ఇది కొనేవాళ్లకే మేలు, పక్క దుకాణంలో అదే సరుకు అదే ధరకు ఉంటుంది కాబట్టి నాణ్యత చూసుకోవడం మీదే మనసు పెట్టొచ్చు. అయితే 'టిబెటన్ మార్కెట్' అని బోర్డు పెట్టిన ప్రతిదీ వాళ్లది కాదు. ఆ పేరుతో వేరేవాళ్లు అమ్మే చోట్ల బేరం, సరుకు రెండూ వేరుగా ఉంటాయి.

అక్కడి పిల్లల స్వెటర్లలో ఎక్కువ భాగం యాక్రిలిక్. 'ఊలు స్వెటర్' అని మనం అంటాం గానీ అది గొర్రె ఊలు కాదు. అందులో తప్పేం లేదు. బడికి యాక్రిలిక్ నిజంగానే అనువైనది: తేలిక, త్వరగా ఆరుతుంది, పురుగు కొట్టదు, చర్మానికి గుచ్చుకోదు. లోపం ఒక్కటే, చెమట పీల్చదు. ఆటల పీరియడ్‌లో పరుగెత్తాక లోపలి చొక్కా తడిసి, ఆ తడి మీద గాలి తగిలి పిల్లలు వణుకుతారు. అసలు ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా తడిగా అనిపించదు. కానీ ఉతకడంలో చిన్న పొరపాటు జరిగినా ముడుచుకుపోతుంది, తామర లాంటి చర్మ సమస్య ఉన్న పిల్లలకు దురద పెడుతుంది. పైగా నెలకోటి పోగొట్టుకునే వయసుకు అంత ఖరీదెందుకు? యాక్రిలిక్ తీసుకుని, లోపల కాటన్ బనియన్, కాటన్ చొక్కా వేయండి. చెమట సంగతి అవి చూసుకుంటాయి.

అమ్మేవాళ్లు అసలు ఊలు అని చెబితే లోపలి లేబుల్ చూడండి. లేబుల్ లేకపోతే లోపలి కుట్టు దగ్గర వేలాడే ఒక పోగు లాగి ఇంటికెళ్లాక పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి. అసలు ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి, చివర నల్లటి గట్టి పూస కడుతుంది. ఆ పూసను నలపలేరు.

కొనేముందు స్వెటర్‌ను తిరగేయాలి. ముందు భుజం కుట్టు, చంక కుట్టు చూడండి. రెండు బొటనవేళ్లతో కుట్టుకు అటూ ఇటూ పట్టి మెల్లగా లాగితే దారాల మధ్య వెలుతురు కనిపించకూడదు. ముంజేతి పట్టీని, నడుము పట్టీని రెండింతలు సాగదీసి వదలండి. వెంటనే దగ్గరకు రావాలి. వదులుగా నిలిచిపోయిందంటే నెలలో చేతులు గంటల్లా వేలాడతాయి, పిల్లలు అన్నం తినేటప్పుడు పప్పులో మునుగుతాయి. తర్వాత మోచేయి దగ్గర అరచేత్తో ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. అప్పుడే సన్నటి ఉండలు లేస్తే ఆ నూలు పొట్టి పోగులది. సంచి పట్టీ రాపిడికి భుజం మీద సంక్రాంతి లోపే ఉండలు కడుతుంది. జిప్పు ఉన్నదైతే కింద పిన్ను పెట్టెలోకి ఎలా దిగుతోందో చూడండి, పిల్లలకు కష్టమంతా అక్కడే. జిప్పు ప్లాస్టిక్‌ది, పళ్లు పెద్దవి, లాగే పట్టీ పొడుగైనది కావాలి. పైన గడ్డం దగ్గర జిప్పును కప్పే చిన్న గుడ్డ మడత ఉండాలి, లేకపోతే మెడ చర్మం ఇరుక్కుంటుంది.

గుండీలు మేలా, జిప్పు మేలా? ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు పెద్ద గుండీలు నాలుగో ఐదో ఉన్న స్వెటర్. ఒకటో తరగతి దాటితే జిప్పు. తల మీంచి తొడిగే వి మెడ స్వెటర్ చూడ్డానికి యూనిఫాం మీద పొందికగా ఉంటుంది గానీ, విప్పేటప్పుడు చొక్కా కూడా పైకి లేస్తుంది, కళ్లద్దాలు ఊడతాయి, జడలు రేగుతాయి. సిగ్గుపడే పిల్లలు విప్పకుండా మధ్యాహ్నం దాకా చెమటతోనే కూర్చుంటారు. మూడో తరగతి లోపు వాళ్లకు అది కొనొద్దు.

సైజు విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు 'వచ్చే రెండేళ్లకూ వస్తుంది' అని రెండు సైజులు పెద్దది కొనడం. ఈ స్వెటర్లకు 22, 24, 26, 28 అని ఛాతీ కొలత అంగుళాల్లో ఉంటుంది. యూనిఫాం చొక్కా మీద చంకల కింద టేపు చుట్టి కొలవండి. దానికి మూడు, నాలుగు అంగుళాలు కలిపితే సరైన సైజు. 23 వస్తే 26 తీసుకోండి. అయితే నంబరును గుడ్డిగా నమ్మొద్దు, తయారీదారును బట్టి మారుతుంది. స్వెటర్‌ను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి రెండుతో హెచ్చవేయండి. పిల్లవాడు వెంట ఉంటే రెండు చేతులూ ముందుకు చాచి ఏదైనా పట్టుకోమనండి. అప్పుడు కూడా చేయి మణికట్టు ఎముకను కప్పితే చాలు. భుజం కుట్టు భుజం చివర కన్నా రెండు వేళ్లకు మించి కిందికి జారకూడదు. వెంట లేకపోతే వాడి చొక్కా ఒకటి తీసుకెళ్లండి. సైజు కుదరకపోతే మారుస్తారా, ఎన్ని రోజుల్లో అన్నది డబ్బులిచ్చే ముందే అడగాలి. దుకాణం నంబరు రాసుకోవాలి కూడా, వరుసలో అన్నీ ఒకేలా ఉంటాయి మరి.

బండి మీద వెళ్లే పిల్లల సంగతి వేరు. అల్లిన స్వెటర్ గాలిని ఆపదు, అల్లికలోంచి నేరుగా దూరిపోతుంది. ఎంత దళసరిదైనా ఇంతే. వాళ్లకు స్వెటర్ మీద పల్చటి విండ్‌చీటర్ ఒకటి ఉంటే చాలు, బడి గేటు దగ్గర విప్పి మీరే వెనక్కి తెచ్చుకోవచ్చు. ముందు కూర్చునే పిల్లల చేతులకు గ్లౌజులు కూడా అవసరం. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. నాలుగేళ్ల లోపు వాళ్లకు హెల్మెట్‌తో పాటు పట్టీలు కూడా ఉండాలని, బండి వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. కాబట్టి నడినెత్తిన ఊలు బంతి ఉన్న టోపీ కొనకండి, దాని మీద హెల్మెట్ కూర్చోదు. ముఖమంతా మూసే మంకీ క్యాప్ జరిగి కళ్లకు అడ్డం వస్తుంది. చెవులు మూసే పల్చటి సాదా టోపీ ఒక్కటే హెల్మెట్ కింద ఇమిడేది.

మఫ్లర్ గురించి మెత్తగా చెప్పడం కుదరదు. బండి చక్రంలో చున్నీ చుట్టుకున్నట్టే మఫ్లరూ చుట్టుకుంటుంది. జారుడుబల్ల మీద, బస్సు తలుపు దగ్గర కూడా ప్రమాదమే. హుడీ మెడ దగ్గరి తాళ్లూ అంతే. ఇలాంటి తాళ్లు చిక్కుకుని పిల్లలు చనిపోయిన కారణంగానే అమెరికాలో 1996లో పిల్లల జాకెట్లకు మెడ తాళ్లు వద్దని వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మన దుకాణాల్లో ఇంకా వేలాడుతున్నాయి. హుడీ కొనక తప్పకపోతే ఇంటికి రాగానే తాడు మొత్తం లాగి పారేయండి. మెడకు చలి అనిపిస్తే తల మీంచి వేసుకునే పొట్టి మెడపట్టీ దొరుకుతుంది, అది సరిపోతుంది.

లోపల వేసుకునే థర్మల్స్ కూడా అక్కడ గుట్టలుగా ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి పిల్లలకు అవి బడికి అక్కర్లేదు. మధ్యాహ్నం వాటిని విప్పే వీలు లేదు. ఏజెన్సీ ఊళ్లలో, ఆదిలాబాద్‌లో కూడా ఒక దళసరి కోటు కన్నా పొడుగు చేతుల కాటన్ బనియన్, చొక్కా, స్వెటర్ అని మూడు పొరలుగా వేస్తే మంచిది. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం, పైగా ఎండను బట్టి ఒక్కొక్కటి తీయొచ్చు.

యూనిఫాం దుకాణం స్వెటర్‌తో పోలిస్తే ఎలా ఉంటాయి? అల్లిక చాలావరకు ఒకటే రకం, తేడా లోగోలో. నేవీ బ్లూ, మెరూన్, బాటిల్ గ్రీన్ సాదా రంగులు టిబెటన్ దుకాణాల్లోనూ ఉంటాయి. కానీ కొనేముందు డైరీలో బడి నియమం చూసుకోండి. లోగో ఉండాల్సిందే అంటే మారు మాట లేదు. 'యూనిఫాం రంగు ఉంటే చాలు' అంటే పాత టై ముక్కో, ఫొటోనో కాదు, అసలు యూనిఫాం గుడ్డను వెంట తీసుకెళ్లి పగటి వెలుతురులో పోల్చండి. టెంట్లలోని బల్బుల కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా కనిపిస్తాయి.

ఇంటికి తెచ్చాక మొదటి పని పేరు కుట్టడం. ఒకే రంగు స్వెటర్లు క్లాసుకు ముప్పై ఉంటాయి. మెడ వెనక లోపల తెల్ల కాటన్ టేపు ముక్క మీద చెరగని పెన్నుతో పేరు, తరగతి, సెక్షన్ రాసి నాలుగు వైపులా కుట్టండి. బయటికి కనిపించేలా పేరు వద్దు, దారిన పోయేవాళ్లు పేరు పెట్టి పిలిచే అవకాశం ఇచ్చినట్టవుతుంది. రెండో పని ఉతకడం. మడతల్లో వచ్చిన కొత్త స్వెటర్‌కు రంగు, దుమ్ము రెండూ ఉంటాయి. గోరువెచ్చని నీళ్లు, ఊలు బట్టల లిక్విడ్ సబ్బు, పది నిమిషాలకు మించి నానబెట్టొద్దు, బ్రష్ వద్దు. మెలితిప్పి పిండకుండా పాత తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో మంచం మీద పరచి ఆరేయండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగి మోకాళ్లకు వస్తుంది. ఇస్త్రీ అసలే వద్దు. వేడికి యాక్రిలిక్ సాగి మళ్లీ బిగువు రాదు. వారం మధ్యలో మొత్తం ఉతికే తీరిక లేకపోతే ముంజేతి పట్టీలు మాత్రం ఉతకండి. జలుబు చేసిన పిల్లలు ముక్కు తుడుచుకునేది వాటితోనే.

భోగి నాడు మరీ జాగ్రత్త. జనవరి 13, 14 తేదీల్లో తెల్లవారుజామున చలికి పిల్లలకు ఈ స్వెటర్లే తొడిగి మంట దగ్గర నిలబెడతాం. యాక్రిలిక్, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటాయి. చిన్న నిప్పురవ్వతో స్వెటర్‌కు బొక్క పడితే ఫర్వాలేదు గానీ, మంట అంటుకుంటే ఒళ్లు లోతుగా కాలుతుంది. మంట దగ్గరికి వెళ్లేముందు స్వెటర్, బొచ్చు జాకెట్ రెండూ తీసేసి, దళసరి కాటన్ చొక్కా ఒంటికి అంటి ఉండేలా వేయండి. కాటన్‌కూ మంట అంటుకుంటుంది, కాకపోతే కరిగి చర్మానికి పట్టుకోదు. ఏది వేసినా పిల్లలు పెద్దల వెనకే ఉండాలి. ఒకవేళ కాలితే చన్నీళ్ల ధార కింద ఇరవై నిమిషాలు ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంటుకున్న బట్టను పీకొద్దు, పసుపు, పేస్టు రాయొద్దు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. అప్పుడు స్వెటర్లను ఉతికి, పూర్తిగా ఆరాకే దాచాలి. యాక్రిలిక్‌కు నాఫ్తలీన్ ఉండలు అక్కర్లేదు, పురుగు దాని జోలికి రాదు. జీ సిక్స్ పీడీ (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) పుట్టుకతోనే లోపించిన పిల్లలకు ఆ ఉండల ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు, పసివాళ్లకు మరీ ప్రమాదం. అసలు ఊలు స్వెటర్ ఉంటే జిప్ కవర్లో గాలి తీసి మూసి పెట్టండి. పోయినేడు నాఫ్తలీన్ వేసి దాచినవి ఉంటే, వచ్చే నవంబరులో వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేసి, ఉతికి, అప్పుడు తొడగండి.