ఫంక్షన్ పాయింట్ల లెక్కతో సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్నారా? సంతకానికి ముందు లెక్క పత్రం చూడండి

సాఫ్ట్‌వేర్ ఎంత పెద్దదో అది చేసిపెట్టే పనులను బట్టి కొలిచే కొలతను ఫంక్షన్ పాయింటు అంటారు. మా సాఫ్ట్‌వేర్ పరిమాణం 494 ఫంక్షన్ పాయింట్లని చెప్పి, పాయింటుకు ఇంత చొప్పున బిల్లు వేశారు. ఆ తర్వాత బయటి మనిషితో కొలిపిస్తే 139 తేలింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. ఎందుకు రాదో కింద చెబుతాను. మీలో ఎవరైనా ఇలాంటి కొటేషన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటే, ఈ రాత ముగిసేదాకా కలం మూత తీయకండి.

మాది పనిముట్లు అద్దెకిచ్చే చిన్న సంస్థ. డ్రిల్లు మిషన్లు, నిచ్చెనలు, జనరేటర్లు, అలాంటివి. ఏ వస్తువు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు రావాలి, మరమ్మతుకు పోయిందా అన్నదంతా పుస్తకాల్లో రాసుకునే వాళ్ళం. గడువు దాటిన రోజులకు అద్దె వేయడం మరిచిపోవడం మా పాత జబ్బు. దానికి మందుగా సాఫ్ట్‌వేర్ అనుకున్నాం. చేయించే బాధ్యత నా మీద పడింది.

వచ్చిన సంస్థ ప్రతినిధి చక్కగా మాట్లాడాడు. "గంటల లెక్కన అయితే మేము నెమ్మదిగా చేస్తే మీకు నష్టం. మేము పరిమాణం కొలిచి దాని మీద ధర చెబుతాం, ఎన్ని గంటలు పట్టినా ఆ కష్టం మాది" అన్నాడు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. తప్పల్లా తక్కెడ, రాళ్ళు రెండూ వాళ్ళవే కావడం.

ఫంక్షన్ పాయింటు గాలిలోంచి పుట్టిన కొలత కాదు. ఐబీఎంలో పనిచేసిన అలన్ ఆల్‌బ్రెక్ట్ 1979లో దీన్ని బయటపెట్టాడు. అంతకు ముందు ప్రోగ్రామును ఎన్ని వరుసల కోడు రాశారన్న దాన్ని బట్టి కొలిచేవారు. అలా కొలిస్తే సాగదీసి రాసిన వాడికి లాభం, పొందికగా రాసిన వాడికి నష్టం. 1982లో ఆపిల్‌లో వారం వారం ఎన్ని వరుసలు రాశారో ఫారంలో నింపమంటే, ఉన్న కోడును కుదించి వేగంగా నడిచేలా మార్చిన బిల్ అట్కిన్సన్ ఆ గడిలో మైనస్ 2000 అని రాసిచ్చాడట. ఆల్‌బ్రెక్ట్ పద్ధతి కోడు వైపు చూడదు, వాడే మనిషికి అందేది ఏమిటని చూస్తుంది. వ్యవస్థ తనలో దాచుకునే సమాచార దస్త్రాలు, ఇతర వ్యవస్థల నుంచి చదివే దస్త్రాలు, లోపలికి వెళ్ళే నమోదులు, బయటికి వచ్చే రిపోర్టులు, ఊరికే చూసుకునే విచారణలు. ఈ అయిదే లెక్క. ఒక్కొక్కటి సులభమా, మధ్యస్థమా, క్లిష్టమా అన్నదాన్ని బట్టి పాయింట్లు పడతాయి. సొంత దస్త్రానికి 7, 10 లేదా 15. నమోదుకు 3, 4 లేదా 6. రిపోర్టుకు 4, 5 లేదా 7. ఏది సులభం, ఏది క్లిష్టం అన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు. ఎన్ని ఫీల్డులున్నాయి (పేరు, ఫోను నంబరు లాంటి గడులు), ఎన్ని దస్త్రాలను తాకుతోంది అన్న పట్టిక ఉంది, దాని ప్రకారమే పోవాలి. 1986లో ఏర్పడిన ఐఎఫ్‌పీయూజీ అనే, ఫంక్షన్ పాయింట్లు వాడేవారి అంతర్జాతీయ సంఘం ఈ నియమాలను చూసుకుంటుంది. ఐఎస్ఓ ప్రమాణం కూడా ఉంది.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. సంతకం నాడు తెలిసింది ఒక్కటే: కాగితం మీద 494 అని ఉంది. 500 అని ఉంటే అనుమానించే వాడినేమో. 494 అనేసరికి ఎవరో కూర్చుని ఒక్కొక్కటే కొలిచి ఉంటారనిపించింది. గుండ్రంగా లేని సంఖ్యకు అంత మహిమ ఉంటుంది.

పదమూడు నెలలు గడిచాక రెండో విడత పని గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, ఈ కొలతలో ధ్రువపత్రం ఉన్న ఒకావిడను సంప్రదించాను. ఆమె అడిగిన మొదటి మాట, "లెక్క పత్రం ఏది?" అని. మా దగ్గర ఉన్నది మొత్తం రాసిన ఒక్క పేజీ. ఏ అంశానికి ఎన్ని పాయింట్లు వేశారో చూపే పత్రం కోసం సంస్థకు మూడు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. అది చేతికి వచ్చిన రెండు రోజుల్లో ఆమె మొత్తం తిరగదోడింది.

అన్నిటికంటే పెద్ద బొక్క డ్రాప్‌డౌన్ జాబితాల దగ్గర దొరికింది. "పనిముట్టు రకం" అని నొక్కితే డ్రిల్లు, నిచ్చెన, జనరేటరు అని కిందికి జారే జాబితా ఉంటుంది కదా. "పాడైన కారణం" అని ఇంకొకటి. ఇలాంటివి మా సాఫ్ట్‌వేర్‌లో ఏడున్నాయి. ఒక్కో జాబితాను ఒక దస్త్రమని 7 పాయింట్లు వేశారు. అందులో కొత్త పేరు చేర్చడానికి 3, మార్చడానికి 3, తీసేయడానికి 3, జాబితాను చూడడానికి ఇంకో 3. మొత్తం జాబితాకు 19. ఏడు జాబితాలకు 133. నియమాల ప్రకారం ఇలాంటి సంకేత పట్టికలు దస్త్రాలుగా లెక్కలోకి రావు, వాటిని సరిదిద్దే స్క్రీన్లూ రావు. నాలుగు రకాల నిచ్చెనల పేర్లున్న పట్టికకు మేము కట్టిన డబ్బుతో నిజంగానే నిచ్చెనలు కొనుక్కోవచ్చు.

ఇక అసలు దస్త్రాలు. ఖాతాదారులు, పనిముట్లు, అద్దెలు, మరమ్మతులు, బిల్లులు. అయిదింటికీ క్లిష్టం అని 15 చొప్పున 75 వేశారు. ఖాతాదారుల దస్త్రంలో ఉన్నవి 17 ఫీల్డులు, అన్నీ ఒకే రకం వివరాలు. పట్టిక ప్రకారం అది సులభం, 7 పాయింట్లు. అద్దెల దస్త్రంలో మాత్రం రసీదు పైభాగం, కింద వస్తువుల వరుసలు అని రెండు భాగాలు, 24 ఫీల్డులు. అది మధ్యస్థం, 10. మిగతా మూడూ సులభమే. మొత్తం 38.

దస్త్రాల మీద జరిగే ఇరవై పనులకూ 6 చొప్పున 120 వేశారు. ఖాతాదారుని తొలగించడం చూడండి. ఒక నంబరు ఇస్తాం, ఒక దస్త్రం లోంచి ఒక పేరు పోతుంది. దానికి 3 కంటే ఎక్కువ పడే దారే లేదు. వస్తువు తిరిగి వచ్చినప్పుడు చేసే నమోదు మాత్రం అద్దెలు, పనిముట్లు, బిల్లులు మూడింటినీ తాకుతుంది, ఫీల్డులు తొమ్మిది. అది నిజంగానే క్లిష్టం, 6 న్యాయమే. అలా ఒక్కొక్కటి చూసుకుంటూ వస్తే ఇరవైకీ కలిపి 81 తేలింది.

నాలుగు రిపోర్టులను స్క్రీన్ మీద చూడడం, ముద్రించడం, పీడీఎఫ్‌గా దించుకోవడం అని పన్నెండు చేసి, ఒక్కోదానికి 7 వేసి 84 చేశారు. ఇందులో కొంత వాదనకు చోటుంది. ఒకే సమాచారం వేర్వేరు రూపాల్లో వస్తే ఒక్కసారే లెక్కించే పద్ధతీ ఉంది, విడివిడిగా లెక్కించే పద్ధతీ ఉంది. ఏది పాటిస్తారో ముందే రాసుకోవాలి. మాది రాసుకోలేదు. మధ్యస్థం అనుకుని ఒక్కసారే లెక్కిస్తే 20. పోనీలెమ్మని పన్నెండూ ఒప్పుకున్నా 60, అప్పుడు మొత్తం 179 అవుతుంది. వాళ్ళ 494కు అది కూడా ఆమడ దూరమే.

నాలుగూ కలిపితే వాళ్ళ లెక్క 412. మరి 494 ఎక్కడిది? దీనికి సర్దుబాటు గుణకం అని పేరు. వ్యవస్థకు సంబంధించిన పద్నాలుగు లక్షణాలకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు. ఆ మార్కుల మొత్తంలో నూరో వంతుకు 0.65 కలిపితే గుణకం వస్తుంది, అంటే అది 0.65, 1.35 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మాకు 55 మార్కులు వేసి 1.20 చేశారు. "అనేక చోట్ల వాడకం" అన్న దానికి అయిదుకు అయిదు. మాకున్నది ఒక్క కార్యాలయం, అందులో రెండు కంప్యూటర్లు. "లావాదేవీల రద్దీ"కీ అయిదే. మా దగ్గర రద్దీ రోజున నలభై రసీదులు తెగుతాయి. ఐఎస్ఓ ప్రమాణం గుర్తించేది సర్దుబాటు లేని లెక్కనే అని ఆ కొలతదారు చెప్పాక, ఈ 82 పాయింట్లకు ఏ ఆధారమూ మిగల్లేదు.

ఒక్క సంఖ్య పెరిగితే దాని వెనక ఎన్ని పెరుగుతాయో చూడండి. 494ను పాయింటుకు 53 వరుసల చొప్పున గుణించి 26 వేల వరుసలన్నారు. దాన్ని బ్యారీ బోమ్ 1981లో ఇచ్చిన కోకోమో సూత్రంలో వేశారు. వేల వరుసల సంఖ్యను 1.05 ఘాతానికి పెంచి 2.4తో గుణిస్తే ఒక్క మనిషి లెక్కన మొత్తం ఎన్ని నెలల శ్రమో వస్తుంది. వాళ్ళకు సుమారు 74 మనిషి-నెలలు వచ్చింది. అదే సూత్రంలో 139 వేస్తే 20 దగ్గర ఆగుతుంది. సూత్రం పేరు, ఘాతం, దశాంశాలు చూసి మా యజమాని "బాగా చదువుకున్న వాళ్ళలా ఉన్నారు" అన్నాడు. సూత్రంలో దోషం లేదు. గంపలో రాళ్ళు వేసి తూస్తే కాటా ఏం చేస్తుంది?

పని నడుస్తున్నప్పుడు ఇంకో తమాషా జరిగింది. ఏడో నెలలో "తొంభై శాతం పూర్తి" అని నివేదిక వచ్చింది. ఎనిమిదిలో తొంభై రెండు. పదకొండులో తొంభై అయిదు. ఆ శాతం దేనిదని అడిగితే, అనుకున్న గంటల్లో ఖర్చయిన గంటలదట. మా చేతికొచ్చి, మేము వాడి చూసి, సరే అన్న అంశాలను మాత్రమే లెక్కేస్తే అప్పటికి సగం కూడా కాలేదు. మీరు మాత్రం ఒప్పుకుని తీసుకున్న అంశాల పాయింట్లనే పూర్తయినట్లు లెక్కించండి. సగం అయిన స్క్రీనుకు సున్నా వేయండి. గొడవ పడతారు, పడనివ్వండి.

మార్పుల బిల్లులు కూడా చూసుకోండి. "ఫోను నంబరు" అన్న మాటను "సెల్ నంబరు" అని మార్చినందుకు మాకు 4 పాయింట్లు వేశారు. పేరు, రంగు, చోటు మార్చడం ఈ కొలతలో పరిమాణం కిందికి రాదు.

ఇంత తేలాక డబ్బు ఎందుకు తిరిగి రాలేదంటే, ఒప్పందం తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: పాయింట్ల సంఖ్యపై సంస్థ లెక్కే అంతిమం. నేను చదివాను. చదివి, కొలత అన్నాక ఎవరు కొలిచినా ఒకటే కదా అనుకున్నాను. మీ ఒప్పందంలో ఆ వాక్యం ఉంటే కొట్టేయించండి. దాని బదులు, ఏ నియమావళిలోని ఏ సంచిక ప్రకారం లెక్కిస్తారు, అంశాల వారీ పత్రం ఎప్పుడు ఇస్తారు, తేడా వస్తే ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషి ఎవరు అన్నవి రాయించండి. సరైన లెక్క పత్రం ఉన్న సంస్థ దాన్ని చూపించడానికి జంకదు. స్టోరీ పాయింట్ల మీద ధర చెప్పే వాళ్ళయితే ఇంకా జాగ్రత్త. అవి ఒక బృందం తనలో తాను పోల్చుకోవడానికి పెట్టుకున్న గుర్తులు, వాటికి బయట ఏ పట్టికా లేదు. ఈ వారం 5 అన్నది వచ్చే వారం 8 అంటే అడ్డు చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

సంస్థ వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. వేగం, భద్రత, పాత పుస్తకాల్లోని లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం లాంటివి ఫంక్షన్ పాయింట్లలో సరిగా కనిపించవు, కానీ అవి నిజమైన శ్రమ. మా పాత పుస్తకాలు ఎక్కించడానికి వాళ్ళ కుర్రవాళ్ళు చాలా కష్టపడ్డారు. దానికి వేరుగా ఇంత అని అడిగి ఉంటే ఇచ్చే వాళ్ళం.

చివరగా నన్ను ఇప్పటికీ పొడిచే సంగతి. మేము ఈ పనికి దిగిందే గడువు దాటిన వస్తువుల కోసం. రోజూ ఉదయం తెరవగానే ఎవరెవరు ఇంకా తిరిగి ఇవ్వలేదో, ఎన్ని రోజులైందో, ఎంత అద్దె రావాలో చూపే ఒక జాబితా కావాలన్నాం. నాలుగు రిపోర్టుల్లో అదొకటి, సరైన లెక్కలో 5 పాయింట్లు. మాకు దక్కాల్సిన లాభమంతా దాదాపు దానిలోనే ఉంది. పాయింట్లు పరిమాణాన్ని చెబుతాయే తప్ప ఏది ముందు కావాలో చెప్పవు, మేమూ చెప్పలేదు. వాళ్ళు పాయింట్లు ఎక్కువ పడే పనులన్నీ ముందు చేసుకుంటూ పోయారు. ఆ జాబితా పదమూడో నెలలో వచ్చింది. మొదటి రోజు తెరిస్తే అందులో 31 పేర్లున్నాయి. వాటిలో ఒక జనరేటరు ఎనిమిది నెలల నుంచి బయటే ఉంది.