ఇల్లు అమ్మి పక్క ప్లాటులో కట్టుకునేవాళ్లకు: హన్మకొండలో ఒక దస్తావేజు సేవ

సర్వే, దస్తావేజు, రిజిస్ట్రేషన్ స్లాట్ బుకింగ్ మూడూ ఒకేచోట చేసిపెడతారు. సర్వేకు పూర్తి మార్కులు. ప్రహరీ అంచుకు కాకుండా గోడ మధ్యకు టేపు పట్టి, గోడ ఎవరి వాటాలో పడుతుందో స్కెచ్‌లో రాసిస్తారు.

తంటా అంతా చిత్తు దస్తావేజుతోనే. పాత కాగితంలోని హద్దులే ఎత్తి రాసి, మీ పక్క ప్లాటు ఉన్న వైపు 'ఖాళీ జాగ' అని వదిలేస్తారు. అక్కడ 'అమ్మకందారు తనకే ఉంచుకున్న ప్లాటు' అని గజాలతో సహా ఉండాలి. అమ్మే ఇంటి కిటికీలు అటువైపే ఉంటే మరీ జాగ్రత్త: గాలి, వెలుతురు ఆగిపోతున్నాయని కొన్నవాళ్లు రేపు స్లాబు దశలో కోర్టుకెక్కొచ్చు. 'పక్క ప్లాటులో కట్టుకుంటే అభ్యంతరం లేదు' అన్న వాక్యం దస్తావేజులోనే పడాలి. అడిగితే చేరుస్తారు, అడగకపోతే లేదు.

బోరు ప్లాటులో, దాని స్టార్టర్ ఇంట్లో ఉంటే ఏం చేయాలి? సెప్టిక్ ట్యాంకు హద్దు దాటితే? డాబా వాన నీళ్ల పైపు ప్లాటులోకి తెరుచుకుంటే? వీటి ఊసే ఎత్తరు. రిజిస్ట్రేషన్‌కు ముందే లైన్లు విడగొట్టించుకోండి.

ఇల్లు అమ్మిన లాభాన్ని కొత్త ఇంటికి పెడితే దొరికే పన్ను మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54) గురించి మాత్రం వీళ్లని అడగొద్దు. 'రెండేళ్లు' అంటారు, అది కొనే ఇంటి గడువు. కట్టుకునే ఇంటికి అమ్మిన తేదీ నుంచి 3 ఏళ్లు. పన్ను రిటర్ను వేసే నాటికి ఖర్చుకాని లాభాన్ని ఆ రిటర్ను గడువులోగా బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి.

5కి 3.